బల్బును దాచే విద్య

కిరోసిన్ దీపపు మంటను కాసేపు రెప్ప వేయకుండా చూడవచ్చు. వంద వాట్ల పారదర్శకమైన బల్బులో వెలిగే ఫిలమెంటును అలా చూడలేము. చూపు తిప్పుకున్న తరువాత కూడా దాని గీత కొంతసేపు కళ్ల ముందు తేలుతూనే ఉంటుంది. మంట ఇచ్చేదానికి ఎన్నో రెట్ల వెలుగు, మంట కంటే చాలా చిన్న చోటి నుంచి రావడమే ఇందుకు కారణం. ఇరవయ్యో శతాబ్దంలో ఇంటి దీపాలను రూపొందించిన ఇండస్ట్రియల్ డిజైనర్ల శ్రమలో పెద్ద భాగం ఈ ఒక్క ఇబ్బంది చుట్టూ తిరిగింది. బల్బు కంటికి కనిపించకూడదు, కానీ దాని వెలుగు కావలసిన చోటికి కావలసినంత చేరాలి.

ఈ సంగతి పక్కన పెట్టి చూస్తే డిజైనర్ దీపాలు శిల్పాల్లా కనిపిస్తాయి, వాటి ధరలు అన్యాయంగా తోస్తాయి. పత్రికల్లో, ప్రకటనల్లో వచ్చే ఫొటోలు కూడా ఆ భ్రమనే పెంచుతాయి, ఎందుకంటే ఫొటోలో దీపం ఆకారం పడుతుంది గాని, రాత్రి ఎనిమిది గంటలకు ఆ దీపం కింద కూర్చుని అన్నం తినేవారి కంటికి అది చేసే మేలు పడదు. ఒక దీపానికి ఆ ఆకారం ఎందుకు వచ్చిందో తెలియాలంటే అది ఏ కాలంలో, ఏ బల్బు కోసం తయారైందో ముందు చూడాలి. వెలుగునిచ్చే వస్తువు మారినప్పుడల్లా దీపం కొత్త రూపం వెతుక్కుంది. పాత రూపం అలాగే నిలిచిన చోట అది చాలావరకు అలంకారంగా మిగిలింది.

ఈ విషయాన్ని అందరికంటే పట్టుదలగా ఆలోచించినవాడు డెన్మార్క్‌కు చెందిన పౌల్ హెన్నింగ్సెన్. 1894లో పుట్టిన ఆయన బాల్యం కోపెన్‌హేగన్ దగ్గరి ఒక చిన్న ఊళ్లో, కరెంటు లేని ఇంట్లో, కిరోసిన్ దీపాల మధ్య గడిచింది. చదివింది భవన నిర్మాణం. కాని పత్రికలు నడిపాడు, వ్యంగ్య గీతాలు రాశాడు, తన కాలపు పెద్దమనుషుల అభిరుచులను ఎగతాళి చేశాడు. కరెంటు దీపం వచ్చాక ఇళ్లలో వెలుగు పెరిగిందే తప్ప మెరుగుపడలేదన్నది ఆయన ఫిర్యాదు. బల్బు వెలుగు కంటిని పొడుస్తోందని, ముఖాల మీద గట్టి నీడలు వేస్తోందని, సాయంకాలపు ఇంటికి ఉండవలసిన మెత్తదనం పోయిందని ఆయన భావించాడు. 1920ల మధ్య నుంచి లూయి పౌల్సెన్ అనే కోపెన్‌హేగన్ కంపెనీతో కలిసి పనిచేశాడు. (ఆ కంపెనీ 1874లో మొదలైనప్పుడు వైన్ దిగుమతి చేసుకునేది, ఎలక్ట్రికల్ సామాను తరువాత వచ్చింది.) 1925లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ అలంకార కళల ప్రదర్శనలో ఆయన దీపానికి బంగారు పతకం లభించింది. మరుసటి ఏడాది కోపెన్‌హేగన్‌లోని ఫోరం ప్రదర్శనశాలకు చేసిన దీపాలతో ఆయన పేరు మీద నేటికీ నడుస్తున్న మూడు షేడ్ల పద్ధతి స్థిరపడింది.

ఆ మూడు షేడ్ల దీపాన్ని కాస్త దగ్గరగా చూడాలి. పైన వెడల్పాటి షేడ్, దాని కింద చిన్నది, ఆ కింద ఇంకా చిన్నది, మూడింటికీ నడుమ బల్బు ఉంటాయి. చూసేవారికి ఇది మూడు పళ్లేలు ఒకదాని కింద ఒకటి బోర్లించిన అమరికే. అయితే ఒక్కో షేడ్ వంపు గణితంలో లాగరిథమిక్ స్పైరల్ అని పిలిచే సర్పిలంలోని ముక్క. ఆ సర్పిలానికి ఒక గుణం ఉంది: దాని కేంద్రం నుంచి ఏ దిక్కుగా గీత గీసినా ఆ గీత వంపును ఒకే కోణంలో తాకుతుంది. హెన్నింగ్సెన్ ఫిలమెంటును సరిగ్గా ఆ కేంద్రంలో నిలిపాడు. దానితో ఫిలమెంటు నుంచి బయలుదేరిన కిరణం షేడ్ అంచు దగ్గర పడినా, లోపలి భాగంలో పడినా ఒకే వాలులో పడి, కిందికీ పక్కలకీ మెత్తగా పరచుకుంటుంది. షేడ్ల మధ్య దూరం కూడా ఇష్టం వచ్చినట్టు పెట్టింది కాదు. బల్లకు ఏ వైపు కూర్చున్నా, కూర్చున్నవారి చూపు బల్బును నేరుగా తాకే దారి లేకుండా పై షేడ్ అంచు, కింది షేడ్ అంచు ఒకదానినొకటి కాపు కాస్తాయి. వెలుగులో ఎక్కువ పాలు పై షేడ్ నుంచి, మిగిలినది కింది రెండింటి నుంచి వస్తుంది. అది ఒకే చుక్క నుంచి కాకుండా మూడు విశాలమైన తలాల నుంచి వస్తుంది కాబట్టి బల్ల మీది గ్లాసు నీడకు కత్తిరించినట్టున్న అంచు ఉండదు. నీడ ఉంటుంది, కాని క్రమంగా పలచబడుతుంది.

నీడను పూర్తిగా తీసేయాలన్నది హెన్నింగ్సెన్ ఉద్దేశం కాదు. నీడ లేని చోట వస్తువు గుండ్రంగా ఉందో చదునుగా ఉందో కంటికి తెలియదు. ముఖం కాగితం మీది బొమ్మలా కనిపిస్తుంది. గదంతా ఒకే స్థాయిలో వెలిగిపోవడం ఆయనకు నచ్చేది కాదు. బల్ల మీద వెలుగు, గది మూలల్లో మసక, ఆ రెంటి నడుమ మెల్లగా సాగే మార్పు ఉంటేనే అది ఇంటి వెలుగు అని ఆయన వాదించాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, డెన్మార్క్ జర్మన్ల ఆక్రమణలో ఉండగా, 1941లో కోపెన్‌హేగన్‌లోని టివోలీ ఉద్యానవనం కోసం ఆయన చేసిన దీపం ఈ విద్యకు మరో కోణం చూపుతుంది. విమానాలకు కనిపించకుండా దీపాలన్నీ ఆర్పవలసిన ఆ రోజుల్లో, ఆ దీపం వెలుగును నేల మీదికి మాత్రమే వదిలి ఆకాశం నుంచి చూసేవారికి ఏమీ కనిపించకుండా చేసింది. కంటికి బల్బును దాచడం తెలిసినవాడికి విమానానికి దాచడం కష్టం కాలేదు.

ఈ కథలో అసలైన మలుపు 1958లో వచ్చింది. బల్బుల కంపెనీలు ఆకారాలు, కొలతలు మారుస్తూ పోయాయి. గాజు లోపలివైపు మసకబారించిన బల్బులు అప్పటికి ఇళ్లలో మామూలయ్యాయి. ఫిలమెంటు ఎక్కడ ఉందన్న దాని మీద ఆధారపడ్డ షేడ్ లెక్క దానితో తప్పిపోతుంది. విసుగెత్తిన హెన్నింగ్సెన్, ఏ బల్బు పెట్టినా చెడిపోని దీపం చేయాలని కూర్చున్నాడు. అలా వచ్చినదే పీహెచ్ 5. పీహెచ్ అంటే ఆయన పేరులోని పొడి అక్షరాలు. పై షేడ్ వ్యాసం 50 సెంటీమీటర్లు కావడం వల్ల దానికి ఆ అంకె. అందులో బల్బును పైనుంచీ కిందినుంచీ పక్కలనుంచీ పూర్తిగా కప్పేశాడు. లోపల చిన్న ఎరుపు, నీలం భాగాలు చేర్చాడు. మన కన్ను పసుపు-ఆకుపచ్చ ప్రాంతపు వెలుగుకు ఎక్కువగా స్పందిస్తుంది, ఇంద్రధనుస్సు రెండు కొసల్లోని ఎరుపుకు, నీలానికి తక్కువగా స్పందిస్తుంది. ఆ కొసలకు కొంచెం బలం ఇస్తే వెలుగు ఆహ్లాదంగా ఉంటుందన్నది ఆయన ఆలోచన. అదే ఏడాది కోపెన్‌హేగన్‌లోని లాంగెలీనీ రెస్టారెంటు కోసం చేసిన ఆర్టిచోక్ (పొరలు పొరలుగా రేకులుండే మొగ్గలాంటి ఒక కూరగాయ) దీపంలో 72 రాగి రేకులను 12 వరుసల్లో, ఒక వరుసలోని సందుకు ఎదురుగా తరువాతి వరుసలోని రేకు వచ్చేలా అమర్చాడు. దాని చుట్టూ తిరిగి, కింద నిలబడి ఎలా చూసినా బల్బు కనబడదు. ఆర్టిచోక్ ఫొటో చూసినవారికి అదొక రాగి పువ్వు. ఆయనకు అది బల్బును దాచే సమస్యకు 72 రేకుల పరిష్కారం.

బల్బును దాచడానికి షేడ్ ఒక్కటే మార్గం కాదు. ఫిలమెంటు చుట్టూ పెద్ద పాలగాజు గోళం పెడితే వెలుగు గోళమంతటా పరచుకుంటుంది. వెలుగు అంతే ఉన్నా అది వచ్చే వైశాల్యం పెరగడంతో కంటిని పొడిచే గుణం తగ్గుతుంది. 1924లో జర్మనీలోని వైమార్ నగరంలో, బౌహౌస్ కళాశాల లోహ విభాగంలో, విల్‌హెల్మ్ వాగెన్‌ఫెల్డ్, కార్ల్ యుకర్ రూపొందించిన బల్ల దీపం ఈ సూత్రం మీదే నిలిచింది. పైన పాలగాజు అర్ధగోళం, కింద గుండ్రటి పీట, నడుమ సన్నని కాడ, అంతే. ఫ్యాక్టరీలో పోతపోసినట్టు కనిపించే ఆ దీపాన్ని నిజానికి చేత్తో, నెమ్మదిగా, ఖరీదుగా తయారు చేసేవారు. లైప్‌జిగ్ సంతకు తీసుకుపోతే, యంత్రం మీద చవగ్గా చేయదగిన వస్తువులా కనిపిస్తూ ఇంత ధరేమిటని వ్యాపారులు నవ్వారని వాగెన్‌ఫెల్డ్ తరువాత గుర్తు చేసుకున్నాడు. యంత్రయుగపు సౌందర్యం ముందు వచ్చింది, దాన్ని చవగ్గా చేయగల యంత్రం తరువాత వచ్చింది. డిజైనర్ వస్తువుల ధరల గురించి మాట్లాడేటప్పుడు ఈ సంఘటన గుర్తుంచుకోదగ్గది.

ఇంగ్లండ్‌లో అదే ప్రశ్నను ఒక మోటారు ఇంజనీరు వేరే వైపు నుంచి పట్టుకున్నాడు. జార్జ్ కార్వర్డైన్ కార్ల సస్పెన్షన్ మీద పనిచేసిన మనిషి. ఎటు చాపి ఎక్కడ వదిలినా అక్కడే నిలిచే యంత్రపు చేతిని స్ప్రింగులతో సాధించవచ్చని కనిపెట్టి 1932లో పేటెంట్ తీసుకున్నాడు. మామూలుగా స్ప్రింగు సాగిన కొద్దీ లాగే బలం పెరుగుతుంది, కాబట్టి దానికి తగిలించిన చేయి ఒక చోట పైకి లేస్తుంది, మరో చోట కిందికి వాలుతుంది. స్ప్రింగును ఎక్కడ తగిలించాలో, ఏ పొడవులో చుట్టాలో లెక్క కుదిరితే అన్ని కోణాల్లోనూ బరువుకు సరితూగుతుంది. ఆ ఉపాయానికి దీపం తగిలించి, రెడిచ్‌లోని హెర్బర్ట్ టెర్రీ అనే స్ప్రింగుల కంపెనీ యాంగిల్‌పాయిస్ పేరుతో అమ్మింది. మూడు స్ప్రింగుల ఇంటి నమూనా 1935లో వచ్చింది. నేటికీ బల్లల మీద కనిపించే మడత చేతుల స్టడీ ల్యాంపుల్లో ఎన్నో దాని సంతానమే. గదిలో ఎక్కడ వెలుగు ఉండాలో నిర్ణయించే అధికారం దీనితో వాడేవారి చేతికి వచ్చింది.

యుద్ధం తరువాత ఈ రంగం ఇటలీకి, ముఖ్యంగా మిలాన్‌కు మారింది. అక్కడ పెద్ద ఫ్యాక్టరీల కంటే చిన్న వర్క్‌షాపులు ఎక్కువ. కొత్త ఆలోచనకు పెట్టుబడి పెట్టే కుటుంబ కంపెనీలు ఉండేవి. పనికి కొరతున్న ఆర్కిటెక్టులు దీపాలు, కుర్చీలు గీస్తూ బతికేవారు. ఈ కలయికలో నుంచే ఫ్లోస్, ఆర్టెమిడే వంటి కంపెనీలు 1960ల మొదట్లో పుట్టాయి. వాటికి పనిచేసినవారిలో అన్నదమ్ములైన ఆకిల్లె, పియెర్ జాకొమో కాస్టిల్యోని నాకు అందరికంటే ఇష్టమైనవారు, ఎందుకంటే వారి దీపాల్లో ప్రతి భాగమూ తన ఉనికికి సంజాయిషీ చెప్పగలదు.

1962 నాటి ఆర్కో దీపాన్నే తీసుకోండి. పాలరాతి దిమ్మ నుంచి లేచి, విల్లులా వంగి, రెండు మీటర్లకు పైగా దూరంలో దీపాన్ని వేలాడదీసే ఆ స్టాండును సినిమా సెట్లలో, హోటళ్ల లాబీల్లో అందరూ చూసే ఉంటారు. భోజనాల బల్ల మీదికి పైనుంచి వెలుగు కావాలి, కాని పైకప్పుకు రంధ్రం చేయకూడదు. బల్లను పక్కకు జరిపితే దీపమూ జరగాలి. వారు పెట్టుకున్న ప్రశ్న ఇది. వీధి దీపపు స్తంభం ఆ పని చేస్తూనే ఉంది కదా అని అక్కడి నుంచి మొదలుపెట్టారు. కుర్చీ వెనుక నుంచి వంటల పళ్లెం పట్టుకుని మనిషి నడిచిపోయేంత చోటు ఉండేలా విల్లు కొలత తీశారు. అంత దూరంలో వేలాడే తలను నిలబెట్టాలంటే అడుగున బరువు కావాలి. కావలసిన బరువు తక్కువ ఖర్చులో వస్తుందని ఇటలీలోని కరారా పాలరాతిని ఎంచుకున్నారు. దిమ్మ 65 కిలోలు. దాని మూలలు గీసుకోకుండా చెక్కారు. రాతిలో కనిపించే గుండ్రటి రంధ్రం అలంకారం కాదు. అందులో చీపురు కర్ర దూర్చి ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు పట్టి దీపాన్ని ఎత్తడానికి. ఈ రంధ్రం ఒక్కటే ఆర్కో గురించి చాలా చెబుతుంది.

అదే ఏడాది వారు చేసిన టోయో దీపం ఇంకా గడుసుది. అమెరికా నుంచి తెప్పించిన కారు హెడ్‌ల్యాంపును కర్ర కొసన పెట్టి పైకప్పు వైపు తిప్పారు. దాని తీగను చేప గాలపు కర్రకు ఉండే రింగుల్లోంచి కిందికి దించారు. ఆ బల్బుకు ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ట్రాన్స్‌ఫార్మర్ బరువుగా ఉంటుంది, దీపం పడిపోకుండా అడుగున బరువూ కావాలి. కాబట్టి ట్రాన్స్‌ఫార్మరునే దాచకుండా పీటగా వాడేశారు. ఇక్కడ బల్బు కంటికి తగలకపోవడానికి కారణం షేడ్ కాదు, వెలుగంతా పైకప్పును కొట్టి తిరిగి రావడం. ఆకిల్లె 1971లో, అకాలంగా మరణించిన పియో మాంజు అనే డిజైనర్ ఆలోచనను పూర్తి చేసి పరెంతెసి అనే మరో దీపం చేశాడు. పైకప్పు నుంచి నేల మీది బరువు దాకా బిగించిన ఉక్కు తీగ మీద వంచిన గొట్టం ఒకటి పైకీ కిందికీ జారుతుంది. వంపు దగ్గర తీగ ఒరిపిడికే అది ఎక్కడ వదిలితే అక్కడ నిలుస్తుంది. స్క్రూ లేదు, స్ప్రింగు లేదు.

హాలోజన్ బల్బు రావడంతో ఆట మళ్లీ మారింది. బొటనవేలంత కూడా లేని గొట్టంలో నుంచి 50 వాట్ల వెలుగు వస్తుంటే పెద్ద షేడ్ ఎందుకు? జర్మన్ డిజైనర్ రిచర్డ్ సాపర్ 1972లో ఆర్టెమిడే కోసం చేసిన టీజియో దీపంలో తల అగ్గిపెట్టెను తలపిస్తుంది. కార్లలో వాడే 12 వోల్టుల హాలోజన్ బల్బు అందులో ఉంటుంది. కరెంటును 12 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్ పీటలో ఉంటుంది. అంత తక్కువ వోల్టేజీ తాకినా ప్రమాదం ఉండదు కాబట్టి వేరే తీగలు వేయకుండా దీపపు లోహపు చేతుల ద్వారానే కరెంటు పంపాడు. వెనుకవైపు బరువులు చేతులను తూకంలో ఉంచుతాయి. చిటికెన వేలితో తోస్తే చాలు, కదులుతుంది. తీగలు లేవు, స్ప్రింగులు లేవు కనుక చేతులు అంత సన్నగా వచ్చాయి. సన్నగా ఉండాలని గీసి, తరువాత కరెంటు ఎలా పంపాలా అని వెతికితే ఆ దీపం రాదు.

వెలుగును పరిచే పద్ధతిలో అందరికంటే తక్కువ సామానుతో ఎక్కువ సాధించినవాడు ఇసాము నొగుచి. అమెరికన్ తల్లికి, జపనీస్ తండ్రికి పుట్టిన ఈ శిల్పి 1951లో జపాన్‌లోని గిఫు పట్టణంలో ఆగాడు. ఆ ఊరు కాగితపు లాంతర్లకు పేరుపొందింది. అక్కడి నగరా నదిలో రాత్రిపూట నీటికాకులతో చేపలు పట్టే పడవల వేడుక కూడా ప్రసిద్ధం. చితికిపోతున్న లాంతర్ల పరిశ్రమకు ఏదైనా చేయమని ఊరి మేయరు అడిగాడు. మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసే వాషి కాగితాన్ని వెదురు పుల్లల మీద అంటించే పాత పద్ధతిని అలాగే ఉంచి, లోపల కరెంటు బల్బు పెట్టి, పై కింది చెక్క చట్రాలు తీసేసి సన్నని తీగ ఆధారం అమర్చాడు. ‘అకారి’ దీపాలు మడిస్తే చదునైన బిళ్లలవుతాయి, కవరులో పెట్టి పంపవచ్చు. నొగుచి జీవితాంతం వాటికి కొత్త ఆకారాలు చేస్తూనే పోయాడు. నేడు ప్రపంచమంతా చవగ్గా దొరికే గుండ్రటి కాగితపు షేడ్ల వెనుక గిఫు లాంతరూ, దాన్ని ఇళ్లకు చేర్చిన ఈయన పనీ ఉన్నాయి. నా దృష్టిలో తక్కువ డబ్బుతో ఇంట్లో వెలుగును బాగు చేసుకోవాలనుకునేవారికి కాగితపు షేడ్‌ను మించినది లేదు, దుమ్ము దులిపే ఓపిక ఉంటే.

ఇక ఎల్ఈడీ. నీలి ఎల్ఈడీని సాధించిన అకసాకి, అమనో, నకమురలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ రావడానికి కారణం, తెల్లని వెలుగుకు నీలం తాళంచెవి కావడం. ఇళ్లలో వాడే ఎక్కువ ఎల్ఈడీల్లో చిప్ ఇచ్చేది నీలి వెలుగే. దాని మీద పూసిన పసుపు ఫాస్ఫర్ అందులో కొంత భాగాన్ని పసుపు, ఎరుపులుగా మారుస్తుంది. రెండూ కలిసి తెలుపుగా కనిపిస్తాయి. దీనివల్ల డిజైనర్ల పాత లెక్కలన్నీ తలకిందులయ్యాయి. ఫిలమెంటు అన్ని దిక్కులకూ వెలుగు చిమ్మేది. చిప్ ఒక వైపుకే చిమ్ముతుంది. ఫిలమెంటు వేడిని వెలుగుతోపాటు ముందుకు పంపేది. చిప్ వేడి వెనుక పోగవుతుంది, దాన్ని లాగేయడానికి అల్యూమినియం కావాలి. ఫిలమెంటు మాడితే బల్బు మార్చేవాళ్లం. దీపంలోనే అతికించిన చిప్పో, దానికి కరెంటు సరిచేసే డ్రైవరో పోతే చాలాసార్లు దీపాన్నే పారేయవలసి వస్తుంది.

యూరప్‌లో 2009 సెప్టెంబరులో ఫిలమెంటు బల్బుల నిషేధం మసక గాజు బల్బులతో మొదలైంది. దానికి జర్మన్ డిజైనర్ ఇంగో మౌరర్ ఇచ్చిన జవాబు గుర్తుండిపోయేది. ఇంకా నిషేధం పడని పారదర్శక బల్బు మీద తొడిగితే మసక బల్బుగా మారే సిలికాన్ తొడుగు ఒకటి చేసి, దానికి ‘యూరో కాండొమ్’ అని పేరు పెట్టాడు. బల్బునే దీపంగా చేసి 1966లో పేరు తెచ్చుకున్న మనిషి అలా నిరసన తెలపడం సహజమే. నవ్వు పక్కన పెడితే, మసక గాజు పోతే వెలుగు నాణ్యత పోతుందన్న ఆయన బాధలో నిజం ఉంది.

మన దేశంలో మార్పు వేరే దారిలో వచ్చింది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద ప్రభుత్వ సంస్థ ఎల్ఈడీ బల్బులను పెద్దమొత్తంలో కొనడంతో, 2014లో 310 రూపాయలున్న కొనుగోలు ధర రెండు మూడేళ్లలో 40 రూపాయల లోపుకు పడిపోయింది. 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. కరెంటు బిల్లుకు ఇది గొప్ప మేలు. వెలుగు నాణ్యత మాత్రం ఆ లెక్కలో లేదు. వెలుగు ఛాయను కెల్విన్‌లలో చెబుతారు, అంకె పెరిగే కొద్దీ ఛాయ నీలం వైపు జరుగుతుంది. దుకాణంలో అడగకపోతే ఇచ్చేది 6500 కెల్విన్ ‘కూల్ డేలైట్’; అంటే మబ్బు పట్టిన పగటి ఆకాశపు నీలిఛాయ. పాత ఫిలమెంటు బల్బుది 2700 కెల్విన్ దగ్గరి పసుపు ఛాయ. ఛాయ ఒకటైతే, వస్తువుల అసలు రంగులు ఎంత నమ్మకంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్ఐ అనే కొలత మరొకటి. ఫిలమెంటుకు అది దాదాపు 100. చవక ఎల్ఈడీలకు 80 దగ్గర, ఒక్కోసారి అంతకంటే తక్కువ. ముఖ్యంగా ముదురు ఎరుపులు వాటి కింద చచ్చిపోతాయి. పట్టుచీరల దుకాణంలో నచ్చిన కుంకుమ రంగు ఇంటికి తెచ్చాక మరోలా కనిపించడానికి సగం కారణం ఇదే.

ఒక మాట ట్యూబ్‌లైటు పక్షాన చెప్పాలి. షేడ్ లేకుండా గోడకు బిగించినా అది మన ఇళ్లలో అన్ని దశాబ్దాలు నెగ్గుకురావడానికి కారణం దాని పొడవు. వెలుగు నాలుగడుగుల మేర పరచుకుని ఉండటం వల్ల కంటిని అంతగా పొడిచేది కాదు, నీడలూ మెత్తగా పడేవి. ఇప్పుడు ఫాల్స్ సీలింగ్ చేయించి, అందులో అరచేతి వెడల్పు కూడా లేని డౌన్‌లైట్లు పన్నెండు బిగించుకుంటున్నాం. సోఫాలో తల వెనక్కి వాల్చినవారి కంటిలో చిప్ నేరుగా గుచ్చుకుంటుంది. హెన్నింగ్సెన్ నూరేళ్ల కిందట పరిష్కరించిన ఇబ్బందిని ఎక్కువ ఖర్చుతో తిరిగి కొని తెచ్చుకున్నట్టయింది. డౌన్‌లైట్లే కావాలంటే చిప్ గొట్టం లోపలికి దిగి ఉన్న రకాన్ని అడగాలి. అది కొద్దిగా ఖరీదు, వెలుగు కాస్త తక్కువ, కంటికి చాలా హాయి.

ధరల విషయానికి వస్తే, అసలు దీపానికీ నకలుకూ మధ్య చట్టం గీసిన గీత దేశాన్ని బట్టి మారుతుంది. ఆర్కోను పోలిన దీపాలను చైనా నుంచి దిగుమతి చేసిన ఇటలీ కంపెనీ మీద ఫ్లోస్ వేసిన దావా యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. డిజైన్ రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయినంత మాత్రాన కాపీరైట్ రక్షణ పోదని 2011 జనవరిలో తీర్పు వచ్చింది. బ్రిటన్ 2016లో చట్టం మార్చి, అంతకుముందు 25 ఏళ్లకు ముగిసే రక్షణను రూపకర్త మరణానంతరం 70 ఏళ్ల దాకా పొడిగించింది. మన దేశంలో రిజిస్టరు చేసిన డిజైనుకు 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ. రిజిస్టరు చేయదగిన డిజైనును చేయించుకోకుండా, ఆ వస్తువును పారిశ్రామికంగా 50 కంటే ఎక్కువ తయారు చేస్తే దాని మీది కాపీరైట్ కూడా పోతుందని 1957 కాపీరైట్ చట్టంలోని 15వ సెక్షను చెబుతుంది. కాబట్టి మన బజారులో నకళ్లు బాహాటంగా దొరకడంలో వింత లేదు.

నకలు కొనడం తప్పా ఒప్పా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసినది. అది ఎక్కడ ఓడిపోతుందో మాత్రం చెప్పవచ్చు. నకలు చేసేవారు ఎక్కువగా ఫొటో చూసి చేస్తారు. షేడ్ల వంపు దాదాపుగా వస్తుంది. హోల్డర్ రెండు సెంటీమీటర్లు కిందికి వస్తుంది. ఆ రెండు సెంటీమీటర్లతో బల్బు కొస కింది షేడ్ దాటి బయటపడుతుంది, మొత్తం లెక్క చెడుతుంది. వెలిగించకుండా చూస్తే అసలుకూ నకలుకూ తేడా తెలియదు. వెలిగించి, కింద కుర్చీ వేసుకుని కూర్చుంటే నిమిషంలో తెలుస్తుంది. అలాగని అసలు దీపపు ధరంతా వెలుగు విద్యకే వెళుతుందనుకోవడం అమాయకత్వం. అందులో పేరుకు కొంత, తక్కువ సంఖ్యలో తయారీకి కొంత, దిగుమతి సుంకానికి కొంత ఉంటాయి. లక్షలు పోసి కొన్న షాండ్లియర్ల కింద ముఖాలు పాలిపోయి కనిపించే డూప్లెక్స్ ఇళ్లు హైదరాబాద్‌లో తక్కువేమీ కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ ప్రసిద్ధ దీపాల్లో వేలాడేవన్నీ సీలింగ్ ఫ్యాన్ లేని ఇళ్ల కోసం పుట్టినవి. డిసెంబరులో ఏడు గంటల పగలు మాత్రమే ఉండే కోపెన్‌హేగన్‌లో, బల్ల నడుమ, బల్ల పైనుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున పీహెచ్ 5 వేలాడుతుంది. మన హాల్లో ఆ నడిమి చోటు ఫ్యాన్‌ది. ఫ్యాన్ రెక్కలకు పైన దీపం ఉంటే గదంతా వెలుగు రెపరెపలాడుతుంది; పక్కన తీగకు వేలాడదీస్తే గాలికి ఊగి నీడలన్నీ కదులుతాయి. కడ్డీకి బిగించిన బరువైన దీపమైతే కొంత నయం. లేదంటే వెలుగును కిందికి, గది మూలలకు, బల్లల మీదికి దించడమే మన ఇళ్లకు కుదిరే పద్ధతి.

అందుకు కావలసిన వస్తువు మన దగ్గరే తయారవుతోంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబాలు, ఆటలకు పిలుపులు తగ్గిన తరువాత, అదే మేక తోలుతో ల్యాంప్‌షేడ్లు చేస్తున్నాయి. తోలును వెలుగు చొరబడేలా పలచగా తయారు చేయడం, ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొట్టి నగలూ చీర అంచులూ తీర్చడం, రంగులను వెనుక నుంచి వచ్చే వెలుగును దృష్టిలో పెట్టుకుని వేయడం వారికి తరాలుగా తెలిసిన పని. తెర వెనుక దీపంతో వారి పెద్దలు చేసింది అదే. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వేడి తగిలితే తోలు ముడుచుకుంటుంది కాబట్టి, ఫిలమెంటు బల్బు కంటే చల్లగా ఉండే ఎల్ఈడీ ఈ షేడ్‌కు బాగా నప్పుతుంది. కొనేటప్పుడు లోపల మామూలు పిన్ టైప్ హోల్డర్ ఉందో లేదో చూసుకోవాలి, అప్పుడు బల్బు పోతే వీధి చివరి కొట్లో కొత్తది దొరుకుతుంది. తొమ్మిది వాట్లు అక్కరలేదు, తోలు మీది గీతలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. నాలుగైదు వాట్ల వార్మ్ వైట్, అందులోనూ మసక గాజుది, పెడితే ఎరుపులు ఎరుపుగా ఉంటాయి, బల్బు ఎక్కడుందో బయటికి తెలియదు.